విశాఖ చూడ్డానికి వెళ్తున్నారా? కారు అద్దెకు తీసుకోవాలా వద్దా, తీసుకుంటే ఎలా

విశాఖపట్నం ప్రయాణం ఖాయమై హోటల్ బుక్ చేయగానే ఇంట్లో వచ్చే మాట, "కారొకటి మాట్లాడేసుకుంటే పోలా?" చాలామంది ఉన్న నాలుగు రోజులకీ కలిపి ఒకే బండి మాట్లాడేస్తారు. అలా చేయొద్దన్నదే నా సలహా. విశాఖలో కారు సంగతి ఏ రోజుకారోజు తేల్చుకోవాలి. ఊళ్లో చూడాల్సినవి చాలావరకు సముద్రం పక్కన వరసగా ఉంటాయి. అరకు, బొర్రా గుహలు, వంజంగి, లంబసింగి మాత్రం దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, కొండల మీద ఉంటాయి. ఊళ్లో తిరిగే రోజున కారు ఎక్కువసేపు పార్కింగ్‌లోనే పడి ఉంటుంది. కొండలకు వెళ్లే రోజున అది లేకపోతే సగం చూడకుండానే తిరిగొస్తారు.

ముందుగా రోజుల లెక్క

ఒక కాగితం తీసుకుని రోజుకో గీత గీయండి. ఏ రోజు ఎక్కడికో రాసి, పక్కన "ఊరు", "తీరం", "కొండ" అని మూడింట్లో ఒకటి వేయండి. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ఊరు అంటే ఆర్కే బీచ్, జగదాంబ, సిరిపురం, కైలాసగిరి, సింహాచలం. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం, దానికి ఎదురుగా టీయూ-142 విమాన మ్యూజియం ఉన్నాయి. ఒకటి చూసి రోడ్డు దాటితే రెండోది. ఆ సాయంత్రమంతా కాళ్లకే పని, కారుకు కాదు. కురుసురకు సోమవారం సెలవు, ఆ రోజు మాత్రం పెట్టుకోకండి. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో కారు పెట్టడానికి చోటు వెతుక్కునే సమయంలో ఆటోలో వచ్చినవాళ్లు ముంత మసాలా తినేసి ఇసుకలో కూర్చుంటారు. జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు షాపింగ్‌కి కూడా ఇదే మాట వర్తిస్తుంది.

ఊళ్లో తిరగడానికి ఓలా, ఉబర్, రాపిడో దొరుకుతాయి. సిటీ బస్సులు కూడా బాగానే తిరుగుతాయి. ఆంధ్రప్రదేశ్ మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చేతిలో ఉంటే చాలు. విజయవాడ నుంచో కర్నూలు నుంచో వచ్చిన కుటుంబంలో ముగ్గురు ఆడవాళ్లుంటే ఊళ్లో రవాణా ఖర్చు సగానికి సగం తగ్గిపోతుంది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు ఈ వెసులుబాటు ఉండదు, తెలంగాణ పథకం తెలంగాణ బస్సులకే.

సింహాచలానికి కొండ మీది దాకా బస్సులున్నాయి, సొంత బండి కూడా పైకి పోనిస్తారు. అయితే అక్షయ తృతీయనాటి చందనోత్సవానికి, ఆషాఢ పౌర్ణమినాటి గిరిప్రదక్షిణకు వెళ్తుంటే కారు ఆలోచనే మానుకోండి. ఆ రోజుల్లో జనం లక్షల్లో ఉంటారు, రోడ్లు మూసేస్తారు, బండి ఎక్కడో ఆపి మైళ్లు నడవాలి.

తీరం అంటే రుషికొండ, తొట్లకొండ, భీమిలి. ఇది మధ్యస్థం. ఒక్క రుషికొండకే అయితే క్యాబ్ సరిపోతుంది. భీమిలి దాకా వెళ్లి, దారిలో తొట్లకొండ బౌద్ధ అవశేషాలు చూసి, నచ్చిన చోటల్లా ఆగాలనుకుంటే మాత్రం బండి మీతో ఉండాలి. ఎండలో తొట్లకొండ మీద నిలబడి యాప్‌లో తిరుగు క్యాబ్ కోసం ఎదురుచూడటం పెద్దవాళ్లతో అయ్యే పని కాదు. ఈ రోజుకు "8 గంటలు, 80 కిలోమీటర్లు" ప్యాకేజీ అచ్చంగా సరిపోతుంది. ట్యాక్సీ వాళ్లందరికీ తెలిసిన లెక్కే ఇది. గంటలు దాటినా కిలోమీటర్లు దాటినా అదనం కట్టాలి, ఆ అదనం ఎంతో ముందే అడగండి.

కొండ అంటే కారు కావాలి. రైలుతో కలిపి వాడుకునే దారి కూడా ఉంది, దాని సంగతి కింద రాశాను.

ఎవరెవరు వెళ్తున్నారు?

ఇద్దరు కుర్రాళ్లు, చెరో బ్యాగు. వీళ్లకు ఊళ్లో కారు దండగ. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు, చంటిపిల్ల, నాలుగు సూట్‌కేసులు ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు ఊరు రోజుకైనా ప్యాకేజీ బండి తీసుకోండి, ఖర్చు చూడకండి.

సామాను గురించి ఒక మాట. డిజైర్ లాంటి సెడాన్ అంటే డిక్కీ పెద్దదనే నమ్మకంతో బుక్ చేస్తాం. వచ్చింది సీఎన్‌జీ బండి అయితే డిక్కీలో చాలా చోటు సిలిండరే మింగేస్తుంది. పెద్ద పెట్టెలు ఒళ్లో పెట్టుకుని ఘాట్ ఎక్కాల్సి వస్తుంది. బుక్ చేసేటప్పుడే "పెట్రోలా, డీజిలా, సీఎన్‌జీయా?" అని అడగండి. నలుగురు పెద్దవాళ్లు, సామాను ఉంటే ఎర్టిగా లాంటి ఏడు సీట్ల బండి తీసుకుని వెనక సీటు మడిచేయడం మేలు. అదే ఎర్టిగాలో ఏడుగురూ ఎక్కితే సామానుకు చోటుండదు. పైన క్యారియర్ ఉందో లేదో చూసుకోవాలి.

డ్రైవర్‌తోనా, సొంతంగా నడుపుకోవడమా?

సెల్ఫ్ డ్రైవ్ చౌక అని అందరూ అనుకుంటారు. అరకు రెండు రోజుల ట్రిప్పుతో లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీకు చెప్పిన రేట్లు పెట్టి మీరూ వేసుకోండి.

విశాఖ నుంచి అరకుకు సుమారు 115 కిలోమీటర్లు. రానూపోనూ 230, బొర్రా మలుపు, అరకులో తిరుగుళ్లు కలిపి 300 అనుకుందాం. సెల్ఫ్ డ్రైవ్ బండి రోజుకు 2,200 చొప్పున 4,400. ఘాట్‌లో లీటరుకు 14 వస్తుందనుకుంటే 21 లీటర్ల పైచిలుకు పెట్రోలు, లీటరు 110 లెక్కన దాదాపు 2,350. మొత్తం 6,750. ఇది కాక డిపాజిట్ మీ చేతిలోంచి పోయి కొన్నాళ్లు వాళ్ల దగ్గరుంటుంది.

డ్రైవర్ బండి కిలోమీటరుకు 13 అనుకోండి. ఊరు దాటితే రోజుకు కనీసం 250 కిలోమీటర్లు లెక్క కడతారు, కొందరు 300 అంటారు. మీరు తిరిగింది 300 అయినా రెండు రోజులకు 500 కింద 6,500. డ్రైవర్ బేటా, అంటే ఆయన రోజు ఖర్చులకిచ్చే భత్యం, రోజుకు 500 చొప్పున వెయ్యి. మొత్తం 7,500.

తేడా 750 రూపాయలు. ఆ 750కి ఘాట్‌లో స్టీరింగ్ మీ చేతిలో ఉండదు, బండి చెడితే బాధ్యత మీది కాదు, కిటికీలోంచి కాఫీ తోటలు మీరూ చూడొచ్చు. కుటుంబంతో వెళ్తే నేను డ్రైవర్ బండికే ఓటేస్తాను.

ఇదే లెక్కలో ఇంకో సంగతి ఉంది. కనీస కిలోమీటర్ల వల్ల అరకు ఒక్క రోజులో వెళ్లొస్తే ఖర్చు చాలా తక్కువవుతుంది: 270 కిలోమీటర్లు, ఒక బేటా, నాలుగు వేల చిల్లర. కానీ ఒక్క రోజులో బొర్రా, అనంతగిరి, అరకు, చాపరాయి అన్నీ కుక్కితే ఆరేడు గంటలు సీటులోనే గడుస్తుంది. డబ్బు మిగుల్చుకోవడానికి అరకును అలా చూడకండి. రాత్రి అక్కడ ఉండండి.

సెల్ఫ్ డ్రైవ్ ఎవరికి బాగుంటుందంటే, ఘాట్ రోడ్డు అలవాటున్న ఇద్దరు డ్రైవర్లు బండిలో ఉండి, మూడు నాలుగు రోజులు అరకు, పాడేరు వైపు తాపీగా తిరిగేవాళ్లకు. కారు నేర్చుకుని ఏడాది కానివాళ్లు, హైవే తప్ప కొండ ఎరగనివాళ్లు దీని జోలికి పోవద్దు.

రైలు పైకి, కారు కిందికి

విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే పాసింజరు పొద్దున్నే బయలుదేరి, సొరంగాలు దాటుకుంటూ బొర్రా, అరకు మీదుగా పోతుంది. అద్దాల విస్టాడోమ్ పెట్టె దీనికి 2017లో జోడించారు. పిల్లలున్నవాళ్లకు ఈ ప్రయాణం వదులుకోవద్దని గట్టిగా చెబుతాను. అయితే రైలు దారి వేరు, రోడ్డు దారి వేరు. అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ వ్యూ పాయింట్ రోడ్డు మీదే ఉంటాయి.

అందుకని రెండూ కలపండి. పొద్దున రైలెక్కి బొర్రా గుహలు స్టేషన్‌లో దిగండి. విశాఖలో మాట్లాడుకున్న బండిని ఆ సమయానికి అక్కడికి రమ్మనండి. గుహలు చూసి, రోడ్డు మీదుగా అరకు వెళ్లి, రాత్రి ఉండి, మర్నాడు అదే బండిలో దిగి రావచ్చు. బండి ఖాళీగా పైకి వచ్చినందుకూ కిలోమీటర్లు కట్టాలి కాబట్టి డబ్బు మిగలదు, కానీ రెండు దారులూ చూస్తారు. చలికాలంలో విస్టాడోమ్ టికెట్లు ముందే అయిపోతాయి. కాబట్టి ముందు రైలు టికెట్, ఆ తర్వాతే కారు.

లంబసింగి, వంజంగి వేరే సంగతి. అక్కడ చూడాల్సింది తెల్లవారుజామునే, నవంబరు నుంచి జనవరి దాకా. అర్ధరాత్రి ఒంటిగంటకు విశాఖలో బయలుదేరి సూర్యోదయానికి చేరే పద్ధతి ఒకటి నడుస్తోంది. పగలంతా బండి తోలిన డ్రైవర్‌ని ఆ వేళలో కొండ ఎక్కించడం ప్రాణాలతో చెలగాటం. ముందురోజు సాయంత్రానికే పాడేరుకో నర్సీపట్నానికో చేరి పడుకోండి. డ్రైవర్‌కి పడుకోవడానికి మంచం ఉందో లేదో మీరే కనుక్కోండి. మీ ఇంటిల్లిపాదీ ఆయన కళ్ల మీద ఆధారపడి ఉన్నారు.

ఫోన్లో ఏం అడగాలి

బండి యజమానితో మాట్లాడేటప్పుడు "మొత్తం ఎంత?" అని అడిగి ఊరుకుంటే తర్వాత గొడవలొస్తాయి. మాట ఇలా నడవాలి:

"బాబూ, కిలోమీటర్లు ఎక్కణ్నుంచి లెక్క? హోటల్ దగ్గర్నుంచా, మీ షెడ్ దగ్గర్నుంచా?"

"షెడ్ టు షెడ్ అండి."

"షెడ్ ఎక్కడ?"

"గాజువాక."

మీ హోటల్ రుషికొండలో ఉంటే గాజువాక నుంచి రావడానికీ పోవడానికీ అయ్యే కిలోమీటర్లు మీ ఖాతాలోనే పడతాయి. ఎంవీపీ కాలనీ వైపు బండి దొరుకుతుందేమో చూడటం నయం.

ఇంకా అడగాల్సినవి: రోజుకు కనీస కిలోమీటర్లెన్ని, రోజంటే 24 గంటలా లేక రాత్రి పన్నెండుతో అయిపోతుందా, బేటా ఎంత, రాత్రి పది దాటితే అదనమా, టోల్, పార్కింగ్ ఎవరివి, ఘాట్‌లో ఏసీ వేస్తారా. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ కొండ ఎక్కేటప్పుడు ఏసీ కట్టేసే డ్రైవర్లున్నారు. అరకు నుంచి ఒడిశాలోని కోరాపుట్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే అదీ ముందే చెప్పండి, రాష్ట్రం దాటితే పర్మిట్, పన్ను లెక్కలు మారతాయి. ఒప్పుకున్నవన్నీ వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా పెట్టి "ఇంతే కదా?" అని అడగండి. "అవునండి" అన్న జవాబు ఉంటే చాలు.

అడ్వాన్సు కొంచెమే ఇవ్వండి. ముందే మొత్తం కట్టమని తొందరపెట్టేవాళ్లు, బండి నంబరు చెప్పనివాళ్లు ఉంటే ఫోన్ పెట్టేయండి. మోసపోయామని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

విమానంలో వచ్చేవాళ్లకు ఒక జాగ్రత్త. ఇన్నాళ్లూ విమానాశ్రయం ఎన్‌ఏడీ కొత్తరోడ్డుకు దగ్గర్లో ఊళ్లోనే ఉంది. కొత్తది భోగాపురంలో, ఊరికి 45 కిలోమీటర్ల దూరంలో కట్టారు. మీ టికెట్ మీద ఏది ఉందో చూసి బండికి చెప్పండి.

నంబరు ప్లేటు రంగు చూడండి

పసుపు ప్లేటు మీద నల్లక్షరాలుంటే ట్యాక్సీ, డ్రైవర్‌తో వచ్చేది. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే సెల్ఫ్ డ్రైవ్‌కి అనుమతి ఉన్న బండి. తెల్ల ప్లేటు మీద నల్లక్షరాలుంటే సొంత కారు, అద్దెకివ్వడానికి కాదు.

తెల్ల ప్లేటు బండి చౌకగా వస్తుంది, "మా తెలిసినవాళ్లదే" అంటారు. దాని ఇన్సూరెన్స్ సొంత వాడకానికే. అద్దెకు తిరుగుతుండగా ప్రమాదం జరిగితే కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చడానికి ఆ ఒక్క కారణం చాలు. బండి బాగుచేయించే ఖర్చు మీ మీద పడుతుంది, తనిఖీలో దొరికితే పర్మిట్ లేని కేసు. రోజుకు ఐదొందల తేడా కోసం ఇంత ముప్పు ఎందుకు?

సెల్ఫ్ డ్రైవ్ బండి చేతికి తీసుకునేటప్పుడు

ఇక్కడ అరగంట పెట్టండి. బండి పగటి వెలుగులోనే తీసుకోండి. ఫోన్‌లో వీడియో పెట్టి, ముందు బంపర్ దగ్గర మొదలెట్టి ఆగకుండా చుట్టూ తిరగండి. బంపర్ కింది అంచు, చక్రాల రిమ్ములు, అద్దాల వెనక భాగం, డిక్కీ మూత: ఎక్కువ తగవులు వీటి మీదే. గీత కనిపిస్తే వేలు పెట్టి చూపిస్తూ "ఇది ముందే ఉంది" అని పైకి చెప్పండి, అప్పజెప్పేవాడి గొంతు కూడా వీడియోలో పడాలి. చివర్లో స్పీడోమీటరు మీద కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు కనిపించేలా తీసి ఆపండి.

తర్వాత టైర్లు. టైరు పక్కభాగం మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. అరుగుదల కనిపించకపోయినా అంత పాత టైరుతో ఘాట్ ఎక్కొద్దు, వేరే బండి అడగండి. స్టెప్నీలో గాలి, జాకీ, స్పానర్ ఉన్నాయో చూడండి. వైపర్లు వేసి చూడండి, పొగమంచులో అవే దిక్కు. చిన్న ఏటవాలు మీద ఆపి హ్యాండ్‌బ్రేక్ వేసి, బండి నిలుస్తుందో లేదో చూడండి.

కాగితాలు: ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, పర్మిట్. గడువు తేదీలు చదవండి. మీ లైసెన్స్ డిజీలాకర్‌లో ఉన్నా చెల్లుతుంది, కానీ ఏజెన్సీ కొండల్లో సిగ్నల్ పోతుంది కాబట్టి కార్డు జేబులో పెట్టుకోండి. విదేశాల నుంచి వచ్చే మనవాళ్లు తమ పాత ఇండియా లైసెన్స్ గడువు బయలుదేరే ముందే చూసుకోవాలి. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ టెస్ట్ తప్పదు. అది లేకపోతే, అక్కడి లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకోవాలి.

ఒప్పందంలో "డ్యామేజ్ కవర్" అన్న చోట ఆగి చదవండి. ఎంత వరకు మీరు కట్టాలి, ఎంత దాటితే వాళ్లది? టైర్లు, అద్దాలు, బండి అడుగు భాగం, క్లచ్ చాలాసార్లు అందులో ఉండవు. ఘాట్ రోడ్డులో దెబ్బతినేవి కూడా అవే. ఫాస్టాగ్ డబ్బు ఎవరి ఖాతాలోంచి పోతుంది, తర్వాత మీకెలా లెక్క చెబుతారు అన్నదీ అడగండి.

ఘాట్ ఎక్కే రోజు

పెందుర్తి, కొత్తవలస దాటి ఎస్.కోట చేరేసరికి మైదానం అయిపోతుంది. అక్కడే ట్యాంకు నింపండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

క్లచ్ పోయేది ఎక్కేటప్పుడే. ముందు లారీ పాకుతుంటే వెనక మనం క్లచ్ సగం నొక్కి బండిని గాల్లో ఆపినట్టు పట్టుకుంటాం. ఐదు నిమిషాలకే కాలిన వాసన మొదలవుతుంది. అలా పట్టుకోకండి. లారీకి, మీకు మధ్య బాగా ఖాళీ వదలండి. ఆగాల్సి వస్తే హ్యాండ్‌బ్రేక్ వేసి న్యూట్రల్ చేయండి, లారీ నాలుగు బండ్ల దూరం వెళ్లాక ఫస్ట్ గేరులో కదలండి. వాసన వస్తే వెడల్పైన చోట పక్కకు ఆపి పావుగంట చల్లారనివ్వండి.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. బ్రేకు మీద కాలు అలాగే ఉంచేస్తే వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. న్యూట్రల్‌లో జారనివ్వడం, ఇంజన్ కట్టేయడం అసలు పనికిరాదు. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. మలుపు కనబడకపోతే హారన్. చీకటి పడకముందే కిందికి దిగిపోయేలా అరకులో బయలుదేరండి.

పాడేరు, అరకు దారుల్లో గంజాయి రవాణాను ఆపడానికి చెక్‌పోస్టులుంటాయి. డిక్కీ తెరవమంటే తెరవండి, కాగితాలు చూపండి, రెండు నిమిషాల్లో పంపేస్తారు. దారిలో ఎవరైనా "ఈ సంచి విశాఖలో ఇచ్చేయండి" అంటే, ఎంత మర్యాదగా అడిగినా తీసుకోవద్దు.

తిరిగి అప్పజెప్పాక

పెట్రోలు తీసుకున్న మట్టానికే నింపండి, బంకు రసీదు ఉంచుకోండి. తెచ్చిన రోజులాగే మళ్లీ వీడియో తీయండి. గడువు దాటితే గంటకు ఇంత అని పడుతుంది. ఆదివారం సాయంత్రం హనుమంతవాక, మద్దిలపాలెం జంక్షన్ల రద్దీని లెక్కలో వేసుకుని గంట ముందే ఊళ్లోకి రండి.

చలానాలు మీరు ఊరెళ్లిపోయాక వస్తాయి. వాళ్లు "చలానా పడింది" అని డిపాజిట్‌లో కోస్తే బండి నంబరుతో ఈ-చలాన్ సైట్లో మీరే చూడండి. తేదీ, సమయం, ఫొటో ఉంటాయి. మీ చేతిలో ఉన్న సమయానిదైతే కట్టాలి, కాకపోతే ఆ పేజీ ఫొటో తీసి పంపండి. డిపాజిట్ ఎన్ని రోజుల్లో ఇస్తారో బండి తీసుకున్న రోజే రాయించుకోండి. ఆ తేదీ దాటినా డబ్బు రాకపోతే వీడియోలు, వాట్సాప్ మాటలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.